ఇప్పచెట్ల కింద పైలట్లు

నేను పైలట్లకు శిక్షణ ఇస్తానని చెబితే మొదట అందరూ నన్ను ఎగాదిగా చూస్తారు. తర్వాత "ఏ విమానం?" అని అడుగుతారు. విమానం కాదు, డ్రోన్ అనగానే వాళ్ల మొహంలో వెలుగు సగం తగ్గిపోతుంది. తగ్గితే తగ్గనీ. నా దగ్గర నేర్చుకున్నవాళ్లను ప్రభుత్వ కాగితాల్లోనే పైలట్లని రాస్తారు. వాళ్లు తెర మీద చూసి చెప్పిన ఒక్క మాట మీద ముప్పై మంది తుపాకులు పట్టుకుని అడవిలోకి నడుస్తారు. అంత బరువైన మాట విమానం నడిపేవాళ్లలో ఎంతమంది నోట వస్తుందో నాకు తెలియదు.

మా అమ్మకు కూడా నా ఉద్యోగం మీద అనుమానమే. నాన్న బస్తర్‌లో కిరండూల్ రైల్వే లైన్లో గ్యాంగ్‌మన్‌గా చేశాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఇనుప ఖనిజం మోసే బండ్లు తిరిగే పట్టాలు సరిచూస్తూ ఇక్కడే రిటైరయ్యాడు. నేను రైల్వే క్వార్టర్స్‌లో పుట్టాను. మా దండెం మీద ఆరేసిన తెల్లబట్ట ఒక్కటీ తెల్లగా ఎండలేదు, అంత ఎర్రదుమ్ము. అమ్మ ఇప్పటికీ ఫోన్లో దెప్పుతుంది. "నువ్వెగరవు, కిందే కూకుంతావు. మరి పైలట్టువెలాగవుతావే?" అంటుంది. పక్క క్వార్టర్‌లో మాత్రం మా అమ్మాయి ఇమానాలు నేర్పుతాదని చెప్పుకుంటుంది. రెండూ నాకు తెలుసు.

ఈ అడవిలో నక్సలైట్లతో జరిగేది యుద్ధమేనా అని కూడా కొందరు అడుగుతారు. యుద్ధమని ఏ కాగితం మీదా ఎవరూ రాయలేదు. కానీ నేను ఇసుక బస్తాల వెనక పడుకున్నాను. నాతో పొద్దున టీ తాగిన మనుషులను మధ్యాహ్నం హెలికాప్టర్‌లోకి ఎక్కించాను. దానికి ఇంకో పేరుంటే చెప్పమంటాను. ఇప్పుడు కాల్పులు బాగా తగ్గాయి, రోడ్లు పడుతున్నాయి. అయినా క్యాంపులు ఉన్నాయి, డ్రోన్లు రోజూ తెల్లవారకముందే లేస్తున్నాయి.

మా పోలీసు బలగాల్లో నేర్పేవాళ్లను ఉస్తాద్ అంటారు. తుపాకీ నేర్పినా ఉస్తాదే, డ్రిల్లు నేర్పినా ఉస్తాదే, చివరికి మెస్సులో చపాతీలు చేయడం నేర్పినా ఉస్తాదే. నా దగ్గరికి వచ్చేసరికి అందరికీ 'మేడమ్' గుర్తొచ్చేది. గౌరవంగానే పిలుస్తున్నాం కదా అన్నట్టు మొహాలు పెట్టేవాళ్లు. మొదటి బ్యాచ్‌ను వరసలో నిలబెట్టి, మేడమ్ కావాలంటే ఆఫీసుల్లో వెతుక్కోండి, ఇక్కడున్నది ఉస్తాద్ అని చెప్పాను. నాకు ముక్కు మీద కోపమని క్యాంపులో పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను.

ఇంత మాట్లాడుతున్నాను కాబట్టి నా తప్పు కూడా నేనే చెప్పాలి.

చింతలనార్ వైపు క్యాంపులో కొత్తగా రిమోట్ పట్టిన ఏడాది అది. ఎండలు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. తెల్లవారుజామున డ్రోన్ లేపాను. థర్మల్ కెమెరాలో వేడిగా ఉన్నదంతా తెల్లగా కనిపిస్తుంది. వాగుకు అవతల చెట్ల మధ్య తొమ్మిది మంటలు కనిపించాయి. వాటి చుట్టూ ఇరవై మందికి పైగా మనుషులున్నారు. వంగుతున్నారు, లేస్తున్నారు, కొందరి భుజాల మీద పొడవాటివి ఏవో ఉన్నాయి. శత్రువుల మకాం ఎలా ఉంటుందని మాకు నేర్పారో అచ్చం అలాగే ఉంది. రేడియోలో చెప్పాను. గొంతు వణకలేదు. పైగా సంతోషపడ్డాను, అదీ దాచను.

బస్తర్‌లో పుట్టి పెరిగినదాన్ని, ఇప్పపువ్వు తెలియదా? తెలుసు. గీదం సంతలో ఎండిన పువ్వు కుప్పలు పోసి ఉంటే వాటి పక్కనుంచే నడిచి బడికి పిన్నులూ రిబ్బన్లూ కొనుక్కునేదాన్ని. సారా వాసనా తెలుసు. కానీ పువ్వు రాలేది తెల్లవారుజామునని, అది మట్టిలో కలవకుండా ముందే చెట్టు కింద రాలిన ఆకులు తగలబెట్టి నేల శుభ్రం చేస్తారని, చెట్టుకో కుటుంబం ఉంటుందని క్వార్టర్స్ పిల్లకు ఎవరు చెబుతారు? ఆ పువ్వు కోసమే ఎలుగుబంటి కూడా వస్తుంది కాబట్టి గొడ్డళ్లు, కర్రలు భుజాన వేసుకుని వస్తారని అసలే తెలియదు. దూరపు కొండలు నునుపు అంటారు. నాకు మా పెరట్లోంచి కనబడే కొండ కూడా నునుపే.

మా గాలింపు పార్టీ వెళ్లింది. మనుషులు పరుగెత్తారు. పార్టీని నడిపించినాయన నిదానస్తుడు కాబట్టి ఎవరూ కాల్చలేదు. అక్కడ బుట్టలు దొరికాయి, పువ్వు దొరికింది. రికార్డులో 'అనుమానించదగినది ఏమీ లేదు' అని రాసి, కింద గీత గీసి ముగించారు.

మధ్యాహ్నానికి ఆ ఊరివాళ్లు ఒక ముసలామెను మంచం మీద మోసుకొచ్చారు. చుట్టుపక్కల డాక్టరున్నది మా క్యాంపులోనే. ఆమె తుంటి ఎముక విరిగింది. డాక్టరుకు తెలుగు రాదు, ఆమెకు హిందీ రాదు. ఆమె దొర్ల తెగ మనిషి, కొంటా దగ్గరి ఊరి నుంచి ఇక్కడికి కోడలుగా వచ్చింది, అందుకని తెలుగు బాగా మాట్లాడుతుంది. మాటలు అటూ ఇటూ చెప్పడానికి నన్ను పిలిచారు.

"ఎలా పడిందో అడుగు" అన్నాడు డాక్టరు.

అడిగాను. ఆమె నొప్పికి పళ్లు బిగించి, ఒక్కో మాటా చెప్పింది. "పువ్వు ఏరుతున్నం పిల్లా. పైన ఏందో తుమ్మెద లెక్క గుయ్యిమన్నది. దాని ఎనకనే మీవోళ్లు వచ్చిండ్రు. ఉరికిన. వాగుల రాయి మీద పడ్డ."

నేను డాక్టరు వైపు తిరిగి హిందీలో చెప్పాను. పువ్వు ఏరుతుంటే మనవాళ్లు వచ్చారట, భయపడి పరుగెత్తి వాగులో పడిందట అని. తుమ్మెద మాట మింగేశాను. డాక్టరు నేను చెప్పినంతే రాసుకున్నాడు. ఆ కాగితం మీద నా తుమ్మెద లేదు, కాబట్టి నేనూ లేను. అవ్వకు హిందీ రాకపోయినా తాను నాలుగు మాటలు చెబితే నేను మూడే చెప్పానని అర్థమయినట్టుంది. నా మొహం వైపే చూస్తూ పడుకుంది. నాకు సిగ్గేసింది. సిగ్గేసినా ఆ మాట చెప్పలేదు.

ఏడాది తిరిగి మళ్లీ ఇప్పపువ్వు కాలం వచ్చింది. సెలవు పెట్టి, చీర కట్టుకుని ఆ ఊరు వెళ్లాను. మాలాంటివాళ్లు అలా ఒంటరిగా వెళ్లకూడదు. వెళ్లాను. అవ్వ తన చెట్టు కింద కర్ర పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది, కోడలు పువ్వు ఏరుతోంది.

"ఆ తుమ్మెద నాదే అవ్వా" అన్నాను.

"ఎరికే" అంది. "ఆనాడే నీ మొకం జెప్పింది."

క్షమించమని అడగాలని దారి పొడవునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ఆమె వాటికి చోటే ఇవ్వలేదు. పక్కనున్న ఖాళీ బుట్ట నా మీదికి విసిరింది. "గంత పైనుంచి జూస్తే నీకేం కనబడ్తది? కిందికొచ్చినవ్ గద, వంగు. ఏరు."

వంగాను. రెండు గంటలు ఏరాను. నడుం పట్టేసింది. తలెత్తితే ఆ తీపి వాసనకు కళ్లు తిరిగాయి. ఏ పువ్వు మంచిదో, ఏది చీమలకు వదిలేయాలో ఆమె కూర్చున్నచోటి నుంచే చెప్పింది. "పోలీసు నడుం గిట్లనే ఉంటదా?" అని నవ్వింది. ఆ నవ్వు నాకు కర్రతో కొట్టినంత నొప్పి పెట్టింది. ఎందుకంటే ఆమె ఇక ఎప్పటికీ వంగలేదు.

కొన్నేళ్లకు శిక్షణ నా చేతికి వచ్చింది. వచ్చిన రోజే ఒక నియమం పెట్టాను. గాల్లోంచి చూడబోయే నేలను ముందు కాళ్లతో తొక్కాలి. ఇప్ప కాలంలో ఇప్పచెట్ల కింద, తునికాకు కాలంలో ఆకు కోసేవాళ్లతో, వానల్లో నాట్లు వేసేవాళ్లతో కనీసం ఒక్క పొద్దయినా పనిచేయాలి. దానికి నేల పాఠమని పేరు పెట్టాను. అప్పటి కమాండెంట్ నవ్వి ఒప్పుకున్నారు. అవ్వ అయితే తన చెట్టు కింద పని చేసేవాళ్లు దొరికారని సంబరపడింది. ప్రతి బ్యాచ్‌నూ తిట్టి మరీ పని చేయించుకునేది. కాలి సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఈ ఏడు కొత్త కమాండెంట్ వచ్చారు. వచ్చిన వారానికే నన్ను పిలిపించారు.

"పైలట్లను పువ్వులు ఏరడానికి పంపుతున్నావట" అన్నారు.

"అవును సార్."

"ఆరు వారాల కోర్సు నాలుగు వారాలకు కుదించాం. ఆ పువ్వుల వ్యవహారం బంద్."

"బంద్ చేస్తే సర్టిఫికెట్ల మీద నేను సంతకం పెట్టను సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. నా సంతకం లేకుండా ఆ పన్నెండు మందిని ఏ క్యాంపుకూ పైలట్లుగా పంపలేరు, అది ఆయనకూ తెలుసు. "వాళ్లకు ఎగరేయడం వచ్చిందా, లేదా?"

"వచ్చింది సార్. చూడడం రాలేదు."

"సంతకం పెట్టనని రాసిస్తావా?"

"రాసిస్తాను. నేల పాఠం రద్దు చేశానని మీరూ రాసివ్వండి. నా కాగితానికి జత చేస్తాను."

బల్ల మీద కలం ఉంది. ఆయన దాని వైపు చూశారు, నేనూ చూశాను. ఆయన తీసుకోలేదు. రేపు ఎక్కడైనా ఏదైనా జరిగితే ఆ కాగితం ఎవరి పేరు చెబుతుందో మా ఇద్దరికీ తెలుసు. కాగితం మీద లేని మాట ఎంత సులువుగా మాయమవుతుందో ఆయనకంటే నాకే ఎక్కువ తెలుసు. చివరికి "వెళ్లు" అన్నారు. ఎక్కడికో చెప్పలేదు కాబట్టి, మర్నాడు తెల్లవారుతుండగా పన్నెండు మందినీ తీసుకుని అవ్వ దగ్గరికి వెళ్లాను.

ఆ బ్యాచ్‌లో ఒక హవల్దార్ ఉన్నాడు. ఉత్తరాది మైదానాల మనిషి, సర్వీసులో నాకంటే పెద్ద. చేయి మాత్రం బంగారం. గాలి ఎంత కొట్టినా అతని డ్రోన్ చెట్టుకొమ్మను తాకేది కాదు. నన్ను ఒక్కనాడూ ఉస్తాద్ అనలేదు. మేడమ్ అనేవాడు, అన్నప్పుడల్లా మీసం కింద కొంచెం నవ్వేవాడు. అతను అటు తిరగగానే నేను పళ్లు నూరేదాన్ని.

అవ్వ చెట్టు కింద నేల నల్లగా, శుభ్రంగా ఉంది. దాని మీద పువ్వు పాల రంగులో రాలి ఉంది. మగవాళ్లు బూట్లతో అలాగే నడిచి వచ్చారు.

"బూట్లు ఇప్పుండ్రి" అని అరిచింది అవ్వ. "తినేదాని మీద నడుస్తరా? మీ అమ్మలు గిదే నేర్పిండ్రా?"

నేను హిందీలో చెప్పాను, అమ్మల సంగతితో సహా. హవల్దార్ అందరికంటే ముందు బూట్లు విప్పాడు. పొలం పని చేసిన చేతులు అతనివి. మిగతావాళ్లు మూలుగుతుంటే అతను సగం బుట్ట నింపేశాడు. అవ్వ మెచ్చుకోలుగా చూసి లేవబోయి, తుంటి పట్టేసి మళ్లీ కూలబడింది. అతను ఏరడం ఆపాడు.

"ఆమె కాలికి ఏమైందో అడగండి మేడమ్" అన్నాడు.

డాక్టరు అడిగిన ప్రశ్నే అది. మధ్యలో నిలబడింది కూడా నేనే. అవ్వ వైపు తిరిగి అడిగాను. అవ్వ నన్ను, నా వెనకున్న పన్నెండు మందినీ చూసింది.

"వాగుల పడ్డనని జెప్పు" అంది మెల్లగా. "గంతే జెప్పు పిల్లా. నీ కింద పనిజేసేటోళ్లు."

ఆమె అన్న మాట అన్నట్టుగా చెబితే చాలు, ఒక్క అక్షరం కూడా తప్పు పోదు. పైగా ఆడది నేర్పేదేంటని మొదటి రోజు నుంచీ మీసాల చాటున నవ్వుకుంటున్న మనిషి నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. వీళ్ల ముందు నేను పలచబడితే ఈ పాఠమూ పోతుంది, అప్పుడు ఇంకో క్యాంపులో ఇంకో పైలట్ నాలాగే చూస్తాడు. కానీ సగం చెప్పి సగం మింగడం ఒకసారి చేశాను. దానితో ఆ ముసలామె నడక ఎందుకు పోయిందో ఏ కాగితం మీదా లేకుండా పోయింది, నాకు కంటి నిండా నిద్ర పోయింది.

"వాగులో పడ్డానంటోంది" అన్నాను. "అది సగమే. మిగతా సగం నేను చెబుతాను."

చెప్పాను. తొమ్మిది మంటలు, రేడియో, నా సంతోషం, డాక్టరు ముందు మింగేసిన తుమ్మెద. అంతా చెప్పాను, ఎవరి మొహమూ చూడకుండా చెప్పాను. ముగించాక హవల్దార్ మళ్లీ వంగి పువ్వు ఏరడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండింది. తిట్టినా బాగుండేది.

"పిచ్చి పిల్ల" అంది అవ్వ, వాళ్లెవరికీ అర్థంకాని తెలుగులో.

నాలుగో రోజు పరీక్ష. తెల్లవారుతోంది. కమాండెంట్ స్వయంగా వచ్చి తెర ముందు నిలబడ్డారు. రిమోట్ హవల్దార్ చేతిలో ఉంది. వాగు దాటగానే తెర మీద మంటలు కనిపించాయి, పదకొండు. మనుషులు వంగుతున్నారు, లేస్తున్నారు. భుజాల మీద పొడవాటివి ఉన్నాయి.

"మకాంలా ఉందే. పార్టీని లేపమంటావా?" అన్నారు కమాండెంట్.

నేను నోరు విప్పలేదు. పరీక్షలో ఉస్తాద్ మాట్లాడకూడదు. అంతకంటే కష్టమైన పని ఈ ఉద్యోగంలో నేను చేయలేదు.

"వద్దు సార్" అన్నాడు హవల్దార్. "ఇప్పపువ్వు ఏరుతున్నారు. చెట్టుకో మంట ఉంది, ఏ మంట మీదా కుండ లేదు. ఆడవాళ్లు, చిన్నపిల్లలు ఉన్నారు. భుజాన ఉన్నవి గొడ్డళ్లు, ఎలుగుబంటి భయానికి తెచ్చుకున్నవి."

"పొరబడితే?"

"పొరబడితే ఏమవుతుందో తెలుసు సార్. మా ఉస్తాద్ ఒకసారి పొరబడింది. ఆ దెబ్బ తిన్న మనిషి అదిగో, మూడో చెట్టు కింద కూర్చుని ఉంది."

మూడో చెట్టు కింద ఉన్న చిన్న తెల్లటి ఆకారం తలెత్తి, చేతిలో కర్ర మా మీదికి ఆడించింది. తిడుతోందని మాకందరికీ తెలుసు. హవల్దార్ ఆ మంటలకు దూరంగా జరిపి డ్రోన్‌ను వెనక్కి తిప్పాడు. పార్టీ కదలలేదు. ఆ పొద్దున ఆ చెట్ల కింద ఎవరూ పరుగెత్తలేదు.

కమాండెంట్ నా వైపు తిరిగారు. "ఏం పొరబాటు?"

ఆయనకూ చెప్పాను. ఈసారి కలం ఆయనే తీసి ఇచ్చారు, కాగితం కూడా. సాయంత్రానికల్లా పన్నెండు సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టాను, నా మీద విచారణకు ఇచ్చిన నోటీసు మీద పదమూడోది పెట్టాను. హవల్దార్ మర్నాడు మళ్లీ మేడమ్ అన్నాడు, నేను మళ్లీ ఉరిమి చూశాను. నేల పాఠం రద్దు చేసిన కాగితం ఇప్పటిదాకా రాలేదు. రాలేదు కాబట్టి తర్వాతి బ్యాచ్‌ను తునికాకు కోతకు తీసుకెళ్లాను.

విచారణకు వచ్చిన అధికారి మంచివాడే. నా సర్వీసు పుస్తకం తిరగేసి, నేను రాసిచ్చిన రెండు పేజీలు చదివి, ఒక్క చోట వేలు పెట్టాడు. "ఈ తుమ్మెద మాట ఒక్కటి తీసేయ్. భయపడి పరుగెత్తి పడిందని ఉంటే చాలు. ఇన్నేళ్ల తర్వాత ఎవరు అడుగుతారు? ఫైలు మూసేస్తాను, నీ ప్రమోషన్ ఎక్కడికీ పోదు" అన్నాడు.

"ఆ మాట ఒకసారి తీసేశాను సార్" అన్నాను.

ఆయన ఇంకా వేలు తీయలేదు. నేను కాగితం నా వైపు లాక్కుని, అవ్వ ఆ రోజు చెప్పిన మాటలు ఆమె చెప్పినట్టే, తెలుగులోనే, పేజీ చివర మళ్లీ రాశాను. కింద సంతకం పెట్టి ఫైలు ఆయన ముందుకు జరిపాను.